కన్సల్టెన్సీ పెట్టేవారికి: ప్రొప్రైటరా, ఫర్మా, ఎల్‌ఎల్‌పీయా, కంపెనీయా

"మీ ఫర్ము రిజిస్టరు అయిందా అమ్మా?"

మా బిల్లు ఆపేసిన ఫ్యాక్టరీ మీద దావా వేయవచ్చా అని వెళ్తే, చిత్తూరు కోర్టు దగ్గర ఒక సీనియర్ న్యాయవాది నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది. నా సంచిలో రెండు సీజన్ల బిల్లులు, ఈమెయిళ్ల ప్రతులు, ల్యాబ్ నివేదికలు ఉన్నాయి. ఆయన ఒక్కదాన్నీ చేత్తో తాకలేదు.

"స్టాంపు కాగితం మీద ఒప్పందం రాసుకున్నాం సార్" అన్నాను.

"అది మీ ఇద్దరి మధ్య సంగతి. రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు చేయించారా?"

లేదన్నాను. "అయితే వాళ్లు మీ మీద దావా వేయవచ్చు. మీరు వాళ్ల మీద వేయలేరు" అన్నారు.

నేను ఫుడ్ టెక్నాలజీ చదివి, చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు పరిశ్రమల్లో నాణ్యత విభాగంలో పదకొండేళ్లు పనిచేశాను. 2015లో ఉద్యోగం మానేసి, అదే ల్యాబులో మైక్రోబయాలజిస్టుగా ఉన్న సహోద్యోగితో కలిసి తిరుపతి బైరాగిపట్టెడలో అద్దె ఇంటి ముందుగదిలో కన్సల్టెన్సీ మొదలుపెట్టాను. ఆమె నాకంటే పెద్దది, అక్కా అని పిలుస్తాను. ఆహార భద్రత లైసెన్సు పత్రాలు, హ్యాసప్ ప్రణాళికలు (తయారీలో ఆహారం ఎక్కడ పాడయ్యే ప్రమాదం ఉందో గుర్తించి అదుపు చేసే పద్ధతి), కార్మికులకు శిక్షణ, ఎగుమతి ఆడిట్లకు ఫ్యాక్టరీని సిద్ధం చేయడం మా పని.

2018 సీజనులో ఒక యూనిట్‌లో తోతాపురి గుజ్జు నింపిన డ్రమ్ములు కొన్ని ఉబ్బిపోయాయి. "హ్యాసప్ రాసింది మీరే, 11 లక్షల నష్టం మీరే కట్టాలి" అని యాజమాన్యం మా 3,40,000 రూపాయల బిల్లు ఆపేసింది. అక్కా నేనూ ఆ యూనిట్ స్టోరు గదిలో కూర్చుని స్టెరిలైజర్ ఉష్ణోగ్రత చార్టులన్నీ పరిచి చూశాం. ఒక రాత్రి చార్టులో ఎర్ర సిరా గీత 2.40కి కిందికి దిగింది. పదకొండు నిమిషాల తర్వాత మళ్లీ పైకి లేచింది. పక్కనే ఆపరేటర్ సంతకం ఉంది. ఆ పదకొండు నిమిషాల గుజ్జును వెనక్కి మళ్లించినట్టు మాత్రం ఎక్కడా నమోదు లేదు. ఉష్ణోగ్రత తగ్గితే వెంటనే మళ్లించాలని మేము రాసిచ్చిన ప్రణాళికలో మూడో పేజీలోనే ఉంది. న్యాయం పూర్తిగా మా పక్షాన ఉంది. దాన్ని కోర్టులో అడిగే అర్హత మాకు లేకపోయింది.

అందుకే ఉద్యోగం మానేసి సొంతంగా సలహా వృత్తి పెట్టుకుంటామని వచ్చే పిల్లలకు నేను ఏ నమూనా మంచిదో ముందే చెప్పను. రెండు ప్రశ్నలు అడుగుతాను. మీకు రావలసిన డబ్బు రాకపోతే అడిగే హక్కు ఎవరికి ఉంటుంది? మీ పనిలో పొరపాటు జరిగిందని ఎవరైనా అంటే ఎవరి ఆస్తి వరకు వస్తారు? వీటికి జవాబు రాసుకున్నాక పన్నులు చూడాలి. సంస్థ పేరు, విజిటింగ్ కార్డు ఆ తర్వాతి సంగతి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తున్నారు.

ఒక్కరే అయితే

ఒంటరిగా మొదలుపెట్టేవారికి తొలి రెండు మూడేళ్లు ప్రొప్రైటర్‌షిప్ చాలు అని నా గట్టి అభిప్రాయం. దీనికి ప్రత్యేకంగా చట్టం లేదు, నమోదు కార్యాలయం లేదు. మీ పాన్ కార్డే వ్యాపారం పాన్. బిల్లు మీ పేరున పోతుంది కాబట్టి బాకీ వసూలుకు దావా కూడా మీరే వేయవచ్చు. లోటు ఏమిటంటే, వ్యాపారానికీ మీకూ మధ్య గోడ ఉండదు. వ్యాపారం అప్పు మీ అప్పే.

పన్నులో దీనికి పెద్ద సౌకర్యం ఉంది. పాత చట్టంలో 44ఏడీఏ అని అందరూ చెప్పుకునే పద్ధతి ఇది. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి రావడంతో సెక్షన్ల నంబర్లు మారాయి, పద్ధతి అదే. ఇంజినీరింగ్, సాంకేతిక సలహా, అకౌంటెన్సీ, ఆర్కిటెక్చర్ వంటి నిర్దేశిత వృత్తుల వారు వచ్చిన ఫీజులో సగాన్ని ఆదాయంగా చూపితే సరిపోతుంది. ఖర్చులకు లెక్కల పుస్తకాలు రాయనక్కరలేదు. ఏటా 50 లక్షల ఫీజు వరకు ఈ వీలుంది. నగదు రూపంలో వచ్చింది 5 శాతం మించకపోతే 75 లక్షల వరకు ఉంది.

లెక్క వేసి చూడండి. ఏడాదికి 18 లక్షల ఫీజు వచ్చిందనుకోండి. ఆదాయం 9 లక్షలు. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం వరకు రిబేటు ఉంది కాబట్టి కట్టాల్సిన పన్ను సున్నా. క్లయింట్లు మీ బిల్లులో 10 శాతమో, సాంకేతిక సేవగా చూపితే 2 శాతమో టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) కోసి ఉంటారు. రిటర్ను వేస్తే అది వెనక్కి వస్తుంది. అదే 18 లక్షలు ఎల్‌ఎల్‌పీలోకి, అంటే పరిమిత బాధ్యత గల భాగస్వామ్య సంస్థలోకి వస్తే ఈ సగం లెక్క వర్తించదు. ఎల్‌ఎల్‌పీలను ఇందులోంచి పేరు పెట్టి తప్పించారు. మొదటి ఏడాదే ఎల్‌ఎల్‌పీ పెట్టిన కుర్రవాడొకడు ఈ సంగతి రిటర్ను వేసే రోజున తెలుసుకుని ఎంతో బాధపడ్డాడు. అతడికి ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

బ్యాంకులో వ్యాపారం పేరున కరెంటు ఖాతా తెరవడానికి ఆ పేరుతో ఉన్న రెండు ఆధారాలు అడుగుతారు. చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ నమోదు ధ్రువపత్రం ఒకటి. దుకాణాలు, సంస్థల చట్టం కింద కార్మిక శాఖ నమోదు గాని, వృత్తి పన్ను నమోదు గాని, జీఎస్టీ గాని రెండోది. మన రాష్ట్రంలో వృత్తి పన్ను ఏడాదికి 2,500 రూపాయలు మించదు. రాజ్యాంగమే ఆ హద్దు పెట్టింది.

ఉద్యమ్ గురించి ఒక మాట. అది సంస్థ నమూనా కాదు. "మేము ఉద్యమ్ కింద రిజిస్టరు అయ్యాం" అని ధీమాగా ఉండేవాళ్లను చాలామందిని చూశాను. అయినా అది తప్పక తీసుకోండి. ఆధార్‌తో ఉచితంగా వస్తుంది, ఎవరికీ రూపాయి ఇవ్వనక్కరలేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థకు కొనుగోలుదారు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. తప్పితే బ్యాంకు రేటుకు మూడింతలు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. పని మొదలుపెట్టకముందే ఉద్యమ్ నంబరు తీసుకుని ప్రతి బిల్లు మీదా వేయండి. గుజ్జు పరిశ్రమలో ఫీజు సీజను అయ్యాక గాని రాదు. ఆ నంబరు బిల్లు మీద ఉంటే అకౌంట్స్ వాళ్లు మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది.

ఇద్దరు కలిస్తే

ఇక్కడే మేము దెబ్బతిన్నాం, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువ చెబుతాను.

1932 నాటి భాగస్వామ్య చట్టం ఫర్మును రిజిస్టరు చేయాల్సిందే అని బలవంతపెట్టదు. అందువల్ల స్టాంపు కాగితం మీద ఒప్పంద పత్రం రాసి, దానితో పాన్ తీసుకుని, బ్యాంకు ఖాతా తెరిచి, పని నడిపేస్తాం. అన్నీ సవ్యంగా ఉన్నంతకాలం ఏ తేడా తెలియదు. 69వ సెక్షన్ దగ్గర తెలుస్తుంది. రిజిస్టరు కాని ఫర్ము తన కాంట్రాక్టు హక్కు కోసం బయటివారి మీద దావా వేయలేదు. భాగస్వామి కూడా తన హక్కు కోసం ఫర్ము మీద గాని, తోటి భాగస్వామి మీద గాని వేయలేడు. ఫర్మును రద్దు చేయాలనో, రద్దయిన ఫర్ము లెక్కలు తేల్చాలనో అడగడానికి మాత్రం అడ్డు లేదు. బయటివారికి ఇలాంటి నిషేధమేదీ లేదు.

ఆ న్యాయవాదే మాకు దారి చూపించారు. బాకీ దావాకు మూడేళ్ల గడువు ఉంటుంది. ఆ లోపల ఫర్మును రిజిస్టరు చేసి, ఆ తర్వాత దావా వేయవచ్చు. దావా వేసేశాక రిజిస్టరు చేస్తే ఆ దావా నిలవదు. మేము ముందు రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖలో దరఖాస్తు పెట్టాం. ఫర్ము పేరు, వ్యాపార స్థలం, ఒక్కో భాగస్వామి చేరిన తేదీ, పూర్తి పేర్లు, శాశ్వత చిరునామాలు, ఫర్ము కాలపరిమితి రాసి ఇద్దరం సంతకాలు చేశాం. రిజిస్టరులో నమోదైన పత్రం చేతికి వచ్చిన తర్వాతే నోటీసు వెళ్లింది. దానితో పాటు ఆ ఉష్ణోగ్రత చార్టు నకలు కూడా పంపాం. కోర్టు దాకా పోలేదు. 2,60,000కు రాజీ కుదిరింది, 11 లక్షల మాట వాళ్లు మళ్లీ ఎత్తలేదు. ఫర్ము మొదటి రోజే రిజిస్టరు అయి ఉంటే మిగతా 80,000 కూడా రాబట్టేవాళ్లమని ఈ రోజుకీ నమ్ముతాను.

ఒప్పంద పత్రంలో లాభాల వాటా అందరూ రాస్తారు. అసలు రాయవలసినవి వేరే ఉన్నాయి. ఎవరు ఎన్ని రోజులు పని చేయాలి. ఒకరు తప్పుకుంటే ఏ క్లయింట్లు ఎవరివి. బ్యాంకులో సంతకం ఒకరిదా, ఇద్దరిదా. ఎవరి అనుమతి లేకుండా ఎంత వరకు పని ఒప్పుకోవచ్చు. భాగస్వాముల జీతం, పెట్టుబడి మీద వడ్డీ పత్రంలో రాసి ఉంటేనే పన్ను లెక్కలో ఖర్చుగా ఒప్పుకుంటారు. వడ్డీ 12 శాతం దాటకూడదు. ఫర్ముకు శ్లాబులు ఉండవు, మొదటి రూపాయి నుంచే 30 శాతం పన్ను, దానిపై సెస్సు. కాబట్టి ఆ జీతం వాక్యం పత్రంలో ఉందా లేదా అన్నది వేల రూపాయల తేడా. 2025 ఏప్రిల్ నుంచి భాగస్వామికి ఏడాదికి 20,000 మించి ఇచ్చే జీతం, వడ్డీ, కమిషన్ మీద ఫర్మే 10 శాతం టీడీఎస్ కోసి కట్టాలి. ఇది ఎల్‌ఎల్‌పీకీ వర్తిస్తుంది. దానికి టాన్ అనే, పన్ను కోసేవారికి ఇచ్చే నంబరు కావాలి.

ఇద్దరే ఉన్న ఫర్ములో ఒకరు చనిపోతే ఫర్ము అక్కడితో ముగిసిపోతుంది, పత్రంలో ఏం రాసుకున్నా సరే. ఒక్కరితో భాగస్వామ్యం ఉండదు కదా. దీని గురించి అక్కతో మాట్లాడడం నాకు చాలా కష్టమైంది. మాట్లాడాం, రాసుకున్నాం.

ఇక బాధ్యత. ఫర్ము అప్పుకు ప్రతి భాగస్వామీ మిగతావారితో కలిసీ, విడిగానూ బాధ్యులే. అక్క సంతకం పెట్టిన పనికి నా ఇల్లు కూడా పూచీ అన్నమాట. ఆ 11 లక్షల బెదిరింపు వచ్చిన రాత్రి నేను ఆలోచించింది మా బిల్లు గురించి కాదు, మా అమ్మ పేరున ఉన్న ఇల్లు దీనిలోకి రాదు కదా అని.

ఎల్‌ఎల్‌పీకి ఎప్పుడు మారాలి

2021లో మూడో మనిషిగా ఒక ఇంజినీరు చేరాడు. తమిళనాడులోని క్రిష్ణగిరి వైపు ఫ్యాక్టరీలు కూడా వచ్చాయి, కాంట్రాక్టుల విలువ పెరిగింది. అప్పుడు ఎల్‌ఎల్‌పీకి మారాం. 2008 చట్టం కింద ఎల్‌ఎల్‌పీ విడి వ్యక్తి. తన పేరున దావా వేయగలదు. తోటి భాగస్వామి తప్పుకు మీ సొంత ఆస్తి పోదు. మీ సొంత తప్పుకు మాత్రం మీరు వ్యక్తిగతంగా బాధ్యులే. ఈ రెండో వాక్యాన్ని చాలామంది వినిపించుకోరు. నేను రాసిన ప్రణాళికలో నేనే తప్పు చేస్తే ఎల్‌ఎల్‌పీ నన్ను కాపాడదు. దానికి వృత్తిపర బాధ్యత బీమా ఉంది, అది విడిగా తీసుకోవాలి.

పని ఇలా సాగుతుంది. భాగస్వాములకు డిజిటల్ సంతకాలు తీసుకుంటారు. పేరు ఖాయం చేసుకుంటారు. కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో ఫిల్లిప్ అనే నమోదు దరఖాస్తు ఫారం వేస్తారు. కనీసం ఇద్దరు డిజిగ్నేటెడ్ భాగస్వాములు (చట్టం అడిగే దాఖలాలకు బాధ్యులు) ఉండాలి, వారిలో ఒకరైనా భారత నివాసి కావాలి. ధ్రువపత్రం వచ్చిన 30 రోజుల్లోగా ఎల్‌ఎల్‌పీ ఒప్పందాన్ని ఫారం 3లో దాఖలు చేయాలి. ఒప్పందం రాసుకోకపోతే చట్టం చివర ఉన్న మొదటి షెడ్యూలే మీ ఒప్పందం అవుతుంది. దాని ప్రకారం లాభాలు సమాన వాటాలు, పని చేసినందుకు ఎవరికీ జీతం రాదు. అది మీకు నచ్చకపోవచ్చు.

పేరు దగ్గర మన ఊరి వాళ్లకు ఒక చిక్కు ఉంది. శ్రీ వేంకటేశ్వర, పద్మావతి, బాలాజీ, సప్తగిరి అని పెట్టాలని మనసు లాగుతుంది. భక్తి తప్పు కాదు. కానీ దేశమంతటా ఆ పేర్లతో ఎన్నో కంపెనీలు ఉన్నాయి, పోలిక ఉందని దరఖాస్తు తిరిగి వస్తుంది. దేవుడి పేరుకు మీ వృత్తిని తెలిపే విలక్షణమైన మాట చేర్చండి, లేదా పేరు వేరేది పెట్టి మొదటి పత్రాలను అలిపిరి పాదాల మండపం దగ్గర పెట్టి మొక్కుకోండి. మేము అలాగే చేశాం.

చిరునామాకు కరెంటు బిల్లు, ఇంటి యజమాని అభ్యంతరం లేదని ఇచ్చే లేఖ కావాలి. మా ముందుగది బిల్లు యజమాని చనిపోయిన తండ్రి పేరున ఉండటంతో మా దరఖాస్తు ఒకసారి వెనక్కి వచ్చింది. పేరు మార్పించుకునే సరికి నెల గడిచింది. అద్దె ఇంటి నుంచి మొదలుపెట్టేవారు మిగతా కాగితాలకంటే ముందు కరెంటు బిల్లు మీద ఎవరి పేరుందో చూడండి.

ఫర్మును ఎల్‌ఎల్‌పీగా మార్చినా, మార్పుకు ముందున్న బాకీలకూ బాధ్యతలకూ పాత భాగస్వాములు వ్యక్తిగతంగా జవాబుదారులే. మార్పు జరిగాక ఏడాదిపాటు ప్రతి అధికారిక ఉత్తరంలో ఫలానా ఫర్ము నుంచి మారినట్టు రాయాలి. పాన్ కొత్తది, కాబట్టి జీఎస్టీ, బ్యాంకు ఖాతా, ఉద్యమ్ అన్నీ కొత్తవే. క్లయింట్ల దగ్గర వెండరు నమోదు కూడా మళ్లీ చేయించుకోవాలి. అందుకే సీజను మధ్యలో మారకండి.

టర్నోవరు 40 లక్షలు గాని, పెట్టుబడి 25 లక్షలు గాని దాటితేనే ఎల్‌ఎల్‌పీ చట్టం కింద ఆడిట్ అవసరం. కంపెనీకి అలా కాదు, రూపాయి వ్యాపారం లేకపోయినా ఆడిట్ తప్పదు. మొదటి ఆడిటరును 30 రోజుల్లో నియమించాలి. 180 రోజుల్లో వ్యాపారం ప్రారంభించినట్టు ప్రకటన వేయాలి. వార్షిక పత్రాలు ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయల అదనపు రుసుము పడుతుంది. ఒక్కరే పెట్టుకునే ఓపీసీ (వన్ పర్సన్ కంపెనీ)కీ ఆడిట్ ఉంది, నామినీ పేరు ఇవ్వాలి. బయటి పెట్టుబడి తీసుకోవాలన్నా, ఉద్యోగులకు వాటాలు ఇవ్వాలన్నా ప్రైవేట్ లిమిటెడ్ సరైనది. ఇద్దరు ముగ్గురు నిపుణులు తమ బుర్రను అమ్ముకునే వృత్తికి అది బరువు అని నా అనుభవం.

జీఎస్టీ అన్నిటికీ ఒకటే. సేవలకు ఏడాదికి 20 లక్షలు దాటితే నమోదు తప్పదు, సలహా సేవ మీద 18 శాతం. చిత్తూరులో క్లయింటుకు బిల్లు వేస్తే కేంద్రానికి 9, రాష్ట్రానికి 9గా రెండు భాగాలు. క్రిష్ణగిరిలో జీఎస్టీ నమోదున్న క్లయింటుకు వేస్తే 18 శాతం ఐజీఎస్టీ, అంటే రాష్ట్రాల మధ్య వేసే జీఎస్టీ. 20 లక్షల లోపే క్లయింటు కోసం నమోదు తీసుకుంటే, పని లేని నెలల్లో కూడా రిటర్నులు వేస్తూనే ఉండాలి.

ఏ నమూనా పెట్టినా పని మొదలుపెట్టే ముందు ఒక పేజీ ఉత్తరం మీద క్లయింటు సంతకం తీసుకోండి. మా ఉత్తరంలో ఒక వాక్యం ఉంటుంది: "ప్రణాళిక, శిక్షణ మా బాధ్యత, రోజువారీ ఉత్పత్తి, నమోదులు, యంత్రాల నిర్వహణ యాజమాన్య బాధ్యత." మా బాధ్యత మొత్తం తీసుకున్న ఫీజును మించదని ఇంకో వాక్యం. 2018లో ఈ రెండూ లేవు.

ఎల్‌ఎల్‌పీ వార్షిక రిటర్ను ఫారం 11కు గడువు మే 30. లెక్కల ఫారం 8కి అక్టోబరు 30. మే చివరికి మామిడి కాయలు కొనే ర్యాంపుల దగ్గర లారీలు బారులు తీరి, ఫ్యాక్టరీలు రాత్రీపగలూ నడవడానికి సిద్ధమవుతాయి, మాకు ఫోను పెట్టే తీరిక ఉండదు. కాబట్టి ఏప్రిల్ మొదటి వారంలో, చెట్ల మీద కాయ ఇంకా పిందెగా ఉన్నప్పుడే, అక్కా నేనూ ఆడిటరు దగ్గరికి వెళ్లి ఫారం 11 వేయించి వస్తాం.